తాయెత్తు పిడి

సిలార్ చేతిలో పడ్డ కట్టె గుండ్రంగా తిరగకుండా బయటికి రాదని ఊళ్లో అనేవాళ్లు. మెచ్చుకోలుగా కాదు. పొయ్యిలోకి పనికొచ్చే మొద్దును కూడా పట్టుకుపోయి పాడుచేస్తాడని.

దర్శికి పడమరగా ఉన్న ఆ ఊళ్లో సిలార్‌ది మోటార్లు చుట్టే కొట్టు. బోరు మోటారు కాలిపోయిన రైతు తిట్టుకుంటూ తీసుకొస్తాడు. సిలార్ మాడిన తీగ పీకేసి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. అది తిండి పెట్టే పని. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటి వెనక రేకుల పంచలోకి వెళ్తే అక్కడ మొదలయ్యేది వేరే బతుకు. మూతబడ్డ పిండిమర నుంచి తెచ్చిన మోటారు, ట్రాక్టరు బేరింగులు, లారీ కమాను పట్టీలు సాగగొట్టించి చేసుకున్న ఉలులు. వీటితో తనే ఒక లేతు కూర్చుకున్నాడు. తిరిగే కట్టెకు ఉలి ఆనిస్తే పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి మోచేతుల దాకా కప్పేస్తుంది. నల్లతుమ్మ, వేప, రేగు, చింత, ఏది దొరికితే అది. గిన్నెలు, బొంగరాలు, పోపుల డబ్బాలు, చపాతీ కర్రలు చేసేవాడు. చివర తేనెమైనం, వేరుశనగ నూనె కలిపి రుద్దేవాడు.

చేయడం సగం పని. మిగతా సగం ఫొటో. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజులొస్తే సిలార్‌కి పండగే. పాలిపోయిన వేపకట్టె గిన్నెను ఎర్రటి కాయల మీద పెట్టి, పొద్దు వాలే వేళ ఏటవాలు ఎండ పడుతుండగా, నేల మీద బోర్లా పడుకుని తీసేవాడు. ఘాటుకి తుమ్ములొచ్చేవి. తుమ్మితే ఫొటో కదిలిపోయేది. మళ్లీ తీసేవాడు.

"ఏందిరా సిలారూ, గిన్నెకి పెళ్లిచూపులా?" అనేవాళ్లు కల్లం కాపలావాళ్లు.

పెళ్లిచూపులే. చూసేవాళ్లు ఫోన్లో ఉన్నారు. హైస్కూల్లో వెనక బెంచీలో కూర్చున్న ఆరుగురూ కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అది. పేరు 'పోకిరీల బ్యాచ్'. పెట్టింది రాఘవులు. ఊరి చుట్టూ మిరప, పత్తి పొలాలు, కొట్టంలో ఒంగోలు గిత్తలు ఉన్న ఆసామి. టీ కొట్టు నడిపే అంజి అందులోనే ఉన్నాడు. సిలార్ ఫొటో పెట్టగానే మొదలయ్యేది.

"ఇది గిన్నా, నీ బుర్రకి తీసిన కొలతా?"

"పప్పు పోస్తే కారదుగదా?"

"మా ఆవిడ అడుగుతోంది, రేపు పట్రారా."

ఆ చివరి మాట కోసమే సిలార్ బతికేవాడంటే అబద్ధం కాదు. మర్నాడు గిన్నె తీసుకెళ్లి ఇచ్చి వచ్చేవాడు. ఊరికే. వాళ్లది దూదేకుల కులం. తాత ఇంటింటికీ తిరిగి పరుపులకు పత్తి ఏకేవాడు. వాకిట్లో పని చేసి, వాకిట్లోనే అన్నం తిని వచ్చేవాడు. మనవడిని పెద్ద రైతుల కొడుకులు 'ఒరేయ్' అని పిలిచి భుజం మీద చెయ్యి వేస్తున్నారు. ఆ చెయ్యి బరువు అతనికి ఎంత ఇష్టమో భార్య షాజాదీకి తెలుసు.

"అడిగినవాళ్లందరికీ ఇస్తావు. వాళ్లింట్లో నువ్వు కూర్చున్న ఫొటో ఒక్కటైనా ఉందా నీ దగ్గర?" అందొకసారి. షాజాదీ మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. వేళ్ల మంట ఏ నూనె రాసినా పోదు. మాటకి కూడా ఆ మంట ఉంటుంది.

"ఫొటో తీసేది నేను గదా, నేనెట్టా పడతాను?" అన్నాడు సిలార్.

శివరాత్రి తిరునాళ్ల దగ్గరికొచ్చింది. పక్క ఊరి కొండ కింద ఎడ్ల పందేలు పెడతారు. బరువైన రాతిబండను ఎడ్ల జతకు కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే వాళ్లకి బుల్లెట్ బండి. ఒకరోజు రాఘవులు టీ కొట్టు దగ్గర సిలార్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాకో చర్నాకోల పిడి కావాలిరా."

"ఎట్టాంటిది?"

"చింత చేవతో చెయ్యి. పట్టుకుంటే చేతిలో ఒదగాలి. వెనక కొస గుల్లగా ఉండాలి, దానికి మూత ఉండాలి. మూత పెడితే అక్కడో మూతుందని నా పెళ్లాం కూడా కనిపెట్టకూడదు."

"గుల్ల దేనికి?"

రాఘవులు ఒక గుక్క టీ తాగి చెప్పాడు. "తాయెత్తురా. నా గిత్తలకు దిష్టి తగులుతోంది. మెడలో కడితే అవతలి జతలవాళ్లు చూసి విరుగుడు చేయిస్తారు. మీ అమ్మకు చెప్పి దర్గాలో ఒకటి రాయించు. పిడిలో దాచుకుంటా."

ఈ మాట నమ్మడానికి సిలార్ వెర్రివాడు కానక్కర్లేదు. ఆ చుట్టుపక్కల అన్ని కులాలవాళ్లూ గొడ్డు మేత మానేస్తే, పాలు ఎగ్గొడితే, మొదట వచ్చేది అతని తల్లి రసూల్‌బీ దగ్గరికే. ఆమె దర్గాకు వెళ్లి ముజావర్ చేత రాయించి, నల్లదారం కట్టి ఇచ్చేది. పందెం ఎడ్ల సంగతైతే తాయెత్తు పెట్టడమూ రహస్యమే, దాన్ని తీయించడమూ రహస్యమే. అందులో వింతేం లేదు. రసూల్‌బీ నొప్పి మోకాళ్లతో బస్సెక్కి వెళ్లి తెచ్చింది. "రాఘవులు మనోడు" అంది, అంతే.

పిడి మీద సిలార్ పడ్డ కష్టం ఇంకే వస్తువు మీదా పడలేదు. చింత చేవ ముదురు రంగులో, ఇనుములా ఉంటుంది. ఉలి నూరుతూనే ఉండాలి. మూతనూ పిడినీ ఒకే ముక్క నుంచి కోశాడు, నార గీత కలిసేలా. మూత పెడితే 'టక్'మని కూర్చునేది. వేలి గోరుకి కూడా అతుకు తగిలేది కాదు. ఫొటోలు తీశాడు కానీ ఎవరికీ పంపలేదు. పందెం అయ్యేదాకా ఆగమన్నాడు రాఘవులు. చేసినవాటిలోకెల్లా గొప్పదాన్ని చూపించుకోలేకపోవడం సిలార్‌కి కడుపునొప్పిలాగా ఉండేది.

పందెం రోజున బరి చుట్టూ జనం కిటకిటలాడారు. మైకులో ఒకాయన గొంతు పగిలేలా అరుస్తున్నాడు. చర్నాకోల ఝళిపించవచ్చు, ఎడ్లకు ములుకు తగిలిస్తే మాత్రం జతను తీసేస్తారని కమిటీ ముందే చెప్పింది. ప్రతివాడి చేతిలో కర్రనూ తడిమి చూశారు. రాఘవులు పిడిని కూడా చూశారు. ఏమీ కనబడలేదు. ఆ పూట సిలార్‌కి ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేం.

రాఘవులు జత మొదట బాగా లాగింది, మధ్యలో నీరసించింది. ఎడమ పక్కన కట్టిన దాపటి గిత్త ముందుకాళ్లు మడిచేసింది. సమయం అయిపోతుండగా ఏమయిందో, అది ఒక్కసారిగా ఎగిరి దూకింది. బండ దుమ్ము రేపుకుంటూ కదిలింది. జనం ఊగిపోయారు. సిలార్ తాడు మీదికి వంగి ఫొటోలు తీస్తూనే ఉన్నాడు.

గెలిచారు. ఆ సాయంత్రమే సిలార్ కొట్టు గడప మీద కూర్చుని ఫొటోలన్నీ వెతికాడు. ఒకటి దొరికింది. తెల్లటి గిత్త గాల్లో ఉంది. వెనక రాఘవులు వంగి ఉన్నాడు. గిత్త తోక కింద, అతని పిడికిట్లో, చింత చేవ నిగనిగలాడుతోంది. మూత రాఘవులు పళ్ల మధ్య ఉంది. సిలార్‌కి నవ్వొచ్చింది. గెలుపు కోసం తాయెత్తుకు మొక్కుకుంటున్నాడు మావాడు అనుకున్నాడు. పిడిని రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూశాడు, నార గీత ఎంత బాగా పడిందోనని. గ్రూపులో పెట్టి కింద రాశాడు: "మూత నోట్లో ఉందిరా రాఘవులూ, తాయెత్తు పడిపోతుంది చూసుకో. పిడి చేసింది ఎవరో చెప్పుకోండి."

ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ వచ్చే వెటకారాలేవీ రాలేదు. ఒక్క అంజి మాత్రం, స్నేహితుడు గెలిచాడన్న ఊపులో, చూడకుండానే ఆ ఫొటోను తన స్టేటస్‌గా పెట్టేశాడు. టీ తాగేవాళ్లందరి దగ్గరా అంజి నంబరు ఉంది. రెండో స్థానంలో ఆగిపోయిన జతవాళ్లకి అది చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్లూ పెద్దది చేసుకునే చూశారు. పిడిని కాదు.

మర్నాడు పొద్దున్నే రాఘవులు కబురు పెట్టాడు. సిలార్ అతని గిత్తల కొట్టంలోకి వెళ్లేసరికి బ్యాచ్ అంతా అక్కడే ఉంది. రాఘవులు అరవలేదు. ఫోను చేతికిచ్చి, "చూడు" అన్నాడు. పిడి కొసన మూత ఉండాల్సిన చోట, గుల్లలోంచి బయటికి లాగిన వేలి పొడవు మేకు మెరుస్తోంది. తెల్లటి తోలు మీద ఎర్రటి గీత కిందికి కారుతోంది.

"నువ్విది చూళ్లేదా?" అన్నాడు అంజి.

"నేను పిడి చూశా," అన్నాడు సిలార్.

ఇద్దరు పక్కున నవ్వారు. సిలార్ వాళ్లని దాటుకుని గిత్త దగ్గరికి వెళ్లాడు. తోక మొదట్లో పసుపూ వేపనూనే పూశారు. పూత మీద ఈగలు. ఒకటి కాదు, పక్కపక్కనే బొక్కలు, కొన్ని పాతవి, మానుతూ మానుతూ మళ్లీ చితికినవి. అతను చెయ్యి ఎత్తగానే అంత పెద్ద గిత్త గోడకు ఒదిగిపోయింది, కట్టిన గుంజ పెళ్లగించేట్టు.

"మా అమ్మ తెచ్చిన తాయెత్తు ఏదిరా?"

"ఉంటదిలే యాడన్నా. పేడలో పడుంటది," అన్నాడు రాఘవులు. "అది కాదుగానీ, కమిటీవాళ్లు పిలిచారు. నువ్వో మాట చెప్పాలి."

ఆ మాట ఇది. మేకు పెట్టింది సిలార్. రాఘవులుకు తెలియదు.

"నేనెందుకు పెడతాను?"

"నేను గెలవాలని. స్నేహం కొద్దీ పెట్టావు. అందులో తప్పేముంది?"

"జరిగింది అది కాదు గదరా."

"జరిగింది చెప్తే బండి పోతది, జతని ఇంకెక్కడా దింపనివ్వరు. నాకు నాలుగూళ్లలో పరువుందిరా సిలారూ. నీకేం పోతది చెప్పు? నీకు ఎడ్లున్నాయా, పొలముందా?"

పొలం లాగా పరువుకి కూడా పట్టా ఉంటుందని, అది కొందరి పేరునే ఉంటుందని, చదువు అబ్బని రాఘవులుకి ఎవరూ నేర్పక్కర్లేదు. పుట్టుకతో తెలుసు. విచారమేమిటంటే సిలార్‌కీ తెలుసు.

"రెండ్రోజులు గోల చేస్తారు, తర్వాత మనం మామూలే," అన్నాడు అంజి. "ఎట్టాగూ ఫొటో పెట్టింది నువ్వు. మనోళ్ల కోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

మనోళ్లు. సిలార్ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఇంటికొచ్చి షాజాదీకి చెప్పాడు.

"నువ్వు ఏం చూశావో అది చెప్పు," అంది ఆమె.

"చెప్తే ఇంక నా మొహం చూడరు."

"ఇప్పుడు చూస్తున్నారా?"

అతను చొక్కా మార్చుకుని గుడి వైపు నడిచాడు.

గుడి మండపంలో కూర్చున్నారు. కమిటీ పెద్ద వెంకటప్పయ్య నెమ్మదస్తుడు. చుట్టూ అందరి చేతుల్లో ఫోన్లు లేచి ఉన్నాయి.

"ఏమయ్యా సిలారూ, మేకు ఎవరు పెట్టారు?"

"నేనేనండి."

"రాఘవులుకు తెలుసా?"

"తెలియదండి."

"తెలియకపోతే మూత నోట్లో ఎందుకు పెట్టుకున్నాడయ్యా?"

ఈ ప్రశ్నకు జవాబు కొట్టంలో ఎవరూ ఆలోచించి పెట్టుకోలేదు. రాఘవులు చెప్పుల వైపు చూసుకున్నాడు. అప్పుడు సిలార్ తన దగ్గరున్నదే తీసి ఇచ్చాడు.

"లోపల తాయెత్తు ఉందనుకున్నాడండి. మా అమ్మ దర్గా నుంచి తెచ్చింది. దానికి మొక్కుకుంటున్నాడు. మేకు సంగతి తనకి తెలియదు."

నిన్నటిదాకా తను నమ్మిన అమాయకత్వమంతా విప్పి రాఘవులుకి తొడిగాడు. కొలత తీసినట్టు సరిపోయింది. నమ్మినవాళ్లు అక్కడ ఎవరూ లేరు, కానీ ఆ మాట అందరికీ పనికొచ్చింది. పెద్ద రైతుతో తగాదా తప్పిందని కమిటీకి ఊపిరి తిరిగింది.

"మరి నువ్వెందుకు పెట్టావయ్యా? నోరులేని జీవం గదా?"

సిలార్ నోరు తెరిచేలోపే వెనక నుంచి ఎవడో అన్నాడు. "వాళ్లకి ఎద్దంటే జాలేంటండీ, కూర గదా."

నవ్వులు లేచాయి. సిలార్ తన బ్యాచ్ వైపు చూశాడు. ఐదుగురూ ఉన్నారు. 'నోరు మూసుకోరా' అని ఒక్కడు అంటే చాలు, అంతే అడిగాడు ఆ చూపుతో. అంజి కూడా నవ్వాడు, పక్కవాడు నవ్వుతున్నాడని. రాఘవులు నవ్వలేదు. అతను ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు.

ఆ వీడియో పొద్దుగూకేలోపు జిల్లా దాటింది. ఎవరు ఏ తోక తగిలించారో, తాయెత్తు కాస్తా చేతబడి అయింది, స్నేహం కాస్తా కుట్ర అయింది. నందిని హింసించిన సాయిబు అని పేరు పెట్టారు. ఉర్దూ ఒక్క ముక్క రాని సిలార్ మొహం మీద ఎర్రటి గుండ్రం చుట్టి, ఎప్పుడూ పేరు వినని ఊళ్లవాళ్లు అతన్ని ఏం చెయ్యాలో రాశారు. తిరునాళ్ల ఛాయలకు రావద్దని కమిటీ తీర్మానం చేసింది. బుల్లెట్ బండి రాఘవులుకే ఇచ్చారు.

బోరు మోటార్లు రావడం మానేశాయి. చుట్టి సిద్ధంగా ఉన్నదాన్ని కూడా తీసుకెళ్లడానికి ఒక రైతు ఇష్టపడలేదు. "నువ్వు ముట్టుకుంది మా బావిలో దింపితే మావాళ్లు ఒప్పుకోరు, ఏమనుకోబాకు" అన్నాడు, మంచివాడు కాబట్టి మెల్లిగా అన్నాడు. రసూల్‌బీ దగ్గరికి తాయెత్తు కోసం వచ్చేవాళ్లు లేరు. ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని, దారిన పోయేవాళ్లని పేరు పెట్టి పలకరించేది. వాళ్లు ఫోన్ చూసుకుంటూ పోయేవాళ్లు. కూలికి వెళ్లే ఆటోలో షాజాదీ పక్కన చోటున్నా ఆడవాళ్లు ఇరుక్కుని అవతలే కూర్చునేవాళ్లు.

ఇదంతా సిలార్ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకటుంది. పోకిరీల బ్యాచ్‌లో ఎవరో అదే వీడియోను, అదే ఎర్రటి గుండ్రంతో పెట్టారు. ఒకడు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. సిలార్ చాలాసేపు చూసి, "ఒరేయ్, నిజం మీకు తెలుసుగదరా" అని రాశాడు. కాసేపటికి అతన్ని గ్రూపులోంచి తీసేశారు.

ఆ తర్వాత కూడా లేతు తిరిగేది. చేసినదాన్ని పట్టుకుని కల్లాల వైపు వెళ్లబోతే కాపలావాళ్లు దూరం నుంచే వద్దని చెయ్యి ఊపేవాళ్లు. పంచలోనే ఫొటో తీసి, పంపడానికి ఎవరూ లేక, తన నంబరుకి తనే పంపుకునేవాడు. షాజాదీ తీసుకుని చూసేది. రేగుకట్టెతో చేసిన చిన్న కుంకుడుకాయల గిన్నెను అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇంత నునుపు ఎట్టా తెచ్చావయ్యా" అంది ఒకసారి మనసారా. సిలార్ ఊఁ కొట్టాడు. ఆమె చూపు అతనికి లెక్కలోకి రాలేదు. ఈ కథలో గిత్త తర్వాత ఎక్కువ నొప్పి పడింది ఆమేనేమో. అరవని ప్రాణమే ఆమెదీనూ.

ఉగాది ముందర అంజి వచ్చాడు. వాకిట్లోకి రాకుండా సందులో నుంచి పంచ దగ్గరికి వచ్చాడు.

"ఏరా, ఎట్టున్నావు?"

"ఉన్నా. మీరంతా ఎట్టున్నారు? నా గురించి ఏమనుకుంటున్నారు?"

"ఏమనుకుంటారు? ఎవరూ ఏం అనుకోవట్లా," అన్నాడు అంజి. "రాఘవులు పంపించాడు. శ్రీరామనవమికి పందేలు ఉన్నాయి అద్దంకి పక్కన. ఆ పిడి కమిటీ తీసేసుకుంది గదా. అట్టాంటిదే ఇంకోటి చేసిపెట్టమన్నాడు. మూత ఇంకా బిగుతుగా ఉండాలంట. ఈసారి మాత్రం ఫొటోలు తియ్యబాకు."

సిలార్ మోచేతుల మీది పొట్టు దులుపుకున్నాడు.

"గ్రూపులో మళ్లీ కలుపుతానన్నాడు," అన్నాడు అంజి. వెళ్తూ వెళ్తూ, "నువ్వు లేక గ్రూపు చప్పగా ఉందిరా" అన్నాడు. అది నిజమే అయి ఉండొచ్చు. వెటకారం చేయడానికి ఎవడో ఒకడు ఉండాలి గదా.

మర్నాడు షాజాదీ కూలికి బయల్దేరుతూ పంచలో మోటారు చప్పుడు విని ఆగింది. చేతిలో అన్నం డబ్బా ఉంది. లేతు మీద చింత చేవ తిరుగుతోంది. అప్పటికే సన్నగా, పొడవుగా, చేతిలో ఒదిగే ఆకారానికి వచ్చింది. పక్కన బల్ల మీద గుల్ల తొలిచే బరమా సిద్ధంగా పెట్టి ఉంది.

"పోయినసారి నీకు తెలియదు," అంది ఆమె. "ఈసారి దాంట్లో ఏం పెడతారో తెలుసు."

సిలార్ మోటారు ఆపలేదు. కళ్లజోడు తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మూత ఇంకాస్త బిగుతుగా రావాలన్నాడు," అన్నాడు.

వీధిలో ఆటో హారన్ కొట్టింది. షాజాదీ వెళ్లిపోయింది. అతను ఉలి ఆనించాడు.